తొమ్మిది రాళ్ల మిద్దె

పని లేకుండా కొండెక్కే మనుషులుంటారని స్కాట్లండ్ పోయేదాకా నాకు తెలియదు. మా ఆదోని వైపు కొండెక్కాలంటే మొక్కు ఉండాలి, లేదంటే మేక తప్పిపోయి ఉండాలి. అక్కడ శనివారం వస్తే చాలు, ఉద్యోగాలున్నవాళ్లు, చదువుకునే పిల్లలు, మోకాళ్ల నొప్పులున్న ముసలివాళ్లు కూడా వీపుకు సంచులు తగిలించుకుని వానలో బయలుదేరతారు. పైదాకా పోతారు, చల్లారిన రొట్టె ఒకటి తింటారు, దిగి వస్తారు. నేనూ వాళ్లతో పోతున్నానని ఫోన్‌లో చెప్పినప్పుడు, ఆ కొండ మీద ఏ దేవుడున్నాడని అమ్మ అడిగింది. ఎవరూ లేరన్నాను. పోనీ పైన ఊరేమైనా ఉందా అంది. అదీ లేదన్నాను. సరే, చెప్పులు మంచివి వేసుకుని పో అంది అమ్మ. అంతకు మించి ఆ విషయంలో ఆమెకు ఏ సలహా తోచలేదు.

మా అమ్మ ఆదోనిలో పత్తి మిల్లులో పని చేసేది. నాన్న మార్కెట్ యార్డులో హమాలీ. నేను నేలల గురించి చదువుకున్నాను. ప్రభుత్వ సాయం దొరికి ఒక ఏడాది పై చదువుకు అక్కడికి పోయాను. మట్టి గురించి చదవడానికి విమానమెక్కాలా, ఎమ్మిగనూరు బస్సెక్కితే దారి పొడవునా మట్టే కదా అని మా వీధివాళ్లు నవ్వారు. ఇప్పుడు నేను నిజంగానే రోజూ ఎమ్మిగనూరు బస్సెక్కి పోయి, రైతులు సంచుల్లో తెచ్చే మట్టిని పరీక్ష చేసే ఉద్యోగం చేస్తున్నాను. ఆ నవ్వుకు బదులు చెప్పే అవకాశం నాకు రానే లేదు.

ఆదోనిలో మేం బాడుగకు ఉండని పేట లేదు. ఒక ఇంటి ఓనరుకు కొడుకు పెళ్లయ్యేది, ఇంకో ఓనరుకు మా చుట్టాలు ఎక్కువయ్యేవాళ్లు, ఇంకొకాయనకు మేం వాడే నీళ్లు ఎక్కువయ్యేవి. నా పదో తరగతి లోపల ఏడు ఇళ్లు మారాం. మారిన ప్రతిసారీ అమ్మ కొత్త ఇంటి గోడలకు సున్నం కొట్టేది, పొయ్యి చోటు సరిచేసుకునేది, గడపకు పసుపు రాసేది. మనది కాని గడపకు ఇంత పూత ఎందుకని నేను విసుక్కునేదాన్ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, అప్పుడూ ఇప్పుడూ. అమ్మకు ఉండదు. కోపం రావలసిన చోట అమ్మ రాళ్లు పేర్చేది.

ఇల్లు కావాలనుకున్నవాళ్లు కొండ మీద రాయి మీద రాయి పెట్టి మొక్కుకోవడం మా దగ్గర అందరూ చేసేదే. మేం ఎక్కువగా దేవరగట్టుకు పోయేవాళ్లం. ఆ పేరు చెబితే లోకానికి దసరా రాత్రి కర్రలతో కొట్టుకోవడమే గుర్తొస్తుంది గానీ, మేం పోయేది జనం లేని మామూలు ఆదివారాల్లో. గుడి దారి పక్కన, బండల మీద, చెట్ల మొదళ్లలో ఎవరెవరివో జానెడు ఇళ్లు కనిపించేవి. చాలామంది మూడు రాళ్లు తోచినట్టు పెట్టి, దండం పెట్టుకుని పోతారు. అమ్మ అట్లా కాదు. ఒక్కో రాయినీ చేతిలో తిప్పి, ఏ వైపు దేని మీద కుదురుతుందో చూసేది. కింద సందుంటే చిన్న రాతి పలుకు దోపేది. అంతా అయ్యాక వేలితో నెట్టి చూసేది. కదిలితే మళ్లీ మొదటి నుంచి. బస్సు పోతుందని నాన్న అరుస్తున్నా లేచేది కాదు. మూడు రాళ్లయితే గది, ఐదయితే మిద్దె అని నాకు చెప్పేది. ఒకసారి నేను ఆడుకుంటూ ఎవరిదో పేర్పును తన్నేశాను. అమ్మ తొడ మీద ఒక్కటిచ్చి, దాన్ని మళ్లీ నాతోనే పెట్టించింది. ఎవరి ఇల్లో ఏమో, మనం పడగొట్టకూడదు అంది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.

నేను చదివిన ఊరు చిన్నది. నా గది నుంచి కాలేజీకి ఒకటే బస్సు. దాని డ్రైవరు అరవై దగ్గరపడిన మనిషి. నేను పరుగెత్తుకుంటూ రావడం అద్దంలో చూసి బస్సు ఆపేవాడు. ఎక్కగానే ఆ రోజు గాలి ఎటు నుంచో, వాన ఎన్నింటికో చెప్పేవాడు. మా రైతుల్లాగా ఆకాశం చూసి మాట్లాడే మనిషి అక్కడ నాకు ఆయన ఒక్కడే దొరికాడు. సెలవు రోజున ఒంటరిగా కొండకు పోతానని, ఊరి వెనక కొండను నలభై ఏళ్లుగా ఎక్కుతున్నానని ఆయనే చెప్పాడు.

నన్ను కొండలకు అలవాటు చేసింది మాత్రం మా ల్యాబులో మట్టి జల్లెడలు చూసుకునే ఆవిడ. తన కూతురు వదిలేసిన బూట్లు నాకు తెచ్చి ఇచ్చింది. మొదటి నడకలోనే, దారి పక్కన నున్నగా పచ్చగా కనిపించిన చోట అడుగు పెట్టి మోకాలిదాకా దిగబడ్డాను. మా వైపు పచ్చగా ఉందంటే అక్కడ నేల మంచిదని అర్థం. అక్కడ అంత పచ్చగా ఉందంటే కింద నేలే లేదని అర్థమట. మట్టి చదవడానికి వచ్చి మట్టిలోనే దిగబడిందని ఆవిడ వారం రోజులు అందరికీ చెప్పి నవ్వింది. నాకు పౌరుషం వచ్చింది. ఆ తర్వాత ఒక్క శనివారం మానలేదు. తొడలదాకా వచ్చే చల్లటి వాగులు దాటాను. గాలికి నిలబడలేక బండను కరుచుకుని కూర్చున్నాను. గుడారంలో తడి సాక్సులు పొట్ట మీద పెట్టుకుని ఆరబెట్టుకోవడం నేర్చుకున్నాను. వాన కోసం మొహం వాచిన సీమ నుంచి వచ్చినదాన్ని, రెండు నెలలు తిరిగేసరికి వానను చూసి వాళ్లలాగే మొహం చిట్లించుకోవడం మొదలుపెట్టాను.

ఎందుకు ఎక్కుతున్నానో నాకు సరిగ్గా తెలియదు. పైకి పోయాక కాసేపు ఎవరి గోడా కనిపించదు, ఎవరి ఇంట్లోనూ బాడుగకు ఉన్నట్టు అనిపించదు. బహుశా అదే కారణం కావచ్చు.

ఆ కొండల మీద నాకు అన్నిటికన్నా నచ్చినవి రాళ్ల కుప్పలు. శిఖరం మీద పెద్ద కుప్ప ఉండేది. ఎక్కినవాళ్లు తలా ఒక రాయి దాని మీద వేసేవాళ్లు. దారి వెంట కూడా అక్కడొకటి అక్కడొకటి, నడుము ఎత్తువి, మోకాలెత్తువి. నాకు ప్రాణం లేచొచ్చింది. వీళ్లకూ ఇళ్ల బాధ ఉందన్నమాట, వీళ్లూ కొండను అడుగుతున్నారన్నమాట అనుకున్నాను. నాతో చదివేవాళ్లలో సగం మంది గదులు దొరక్క అవస్థ పడుతున్నవాళ్లే కాబట్టి అనుమానమే రాలేదు. ఈ రాళ్లు దేనికని ఒక్క మాట అడిగి ఉంటే సరిపోయేది. కానీ పచ్చటి బురద సంగతి అయ్యాక, తెలియదని ఇంకోసారి బయటపడటం నాకు ఇష్టం లేకపోయింది. వాళ్లకూ చెప్పాలని తోచలేదు. పుట్టినప్పటి నుంచి తెలిసిన సంగతిని ఎవరైనా పనిగట్టుకుని ఎందుకు చెబుతారు?

అక్టోబరులో ఒక శనివారం ఊరి వెనక కొండకే పోయాం. ఆ పొద్దున బయలుదేరబోతుంటే అమ్మ ఫోన్ చేసింది. ఇల్లు ఖాళీ చేయమన్నారని చెప్పింది. ఆ ఇంట్లో నాలుగేళ్లున్నాం, మేం అంత ఎక్కువ కాలం ఉన్నది అక్కడే. ఓనరు ఇల్లు అమ్మేస్తున్నాడట. అమ్మ ఏడవలేదు. చెప్పాల్సింది చెప్పి, అన్నం సరిగ్గా తింటున్నావా అని అడిగింది. నాకు కొండ ఎక్కినంతసేపూ ఒళ్లు మండిపోతూనే ఉంది.

పైన చదునుగా ఉండే చోట అందరూ తినడానికి కూర్చున్నారు. అక్కడ దారి కుడివైపుకు తిరిగి కిందికి దిగుతుంది. నేను గాలికి చాటు కోసం ఎడమవైపు యాభై అరవై అడుగులు పోయాను. అక్కడ చదరపు పలకల్లాంటి రాళ్లున్నాయి. కొంచెం ముందుకు పోతే కొండ అంచు, దాని కింద లోయలో చెరువు. ఇంత మంచి చోటు దేవరగట్టులో కూడా లేదనిపించింది. కూర్చుని పేర్చడం మొదలుపెట్టాను. మూడు కాదు, ఐదు కాదు. తొమ్మిది పెట్టాను, మిద్దె మీద మిద్దె. ఒక్కో రాయిని ఎత్తలేక పొట్టకు ఆనించుకుని మోశాను. అమ్మ చేసినట్టే సందుల్లో పలుకులు దోపాను, రెండు చేతులతో నెట్టి చూశాను. నా నడుము దాకా వచ్చింది. ఇంక చాలు, ఈసారి ఇవ్వకపోతే ఊరుకునేది లేదని ఆ కొండతో గట్టిగానే అన్నాను. ఫోటో తీసి అమ్మకు పంపాను. బలే పెట్టినావు పాపా అంది. మిల్లులో అందరికీ చూపించిందట.

మూడు వారాలు గడిచాక ఒక సోమవారం బస్సులో కొత్త డ్రైవరున్నాడు. ల్యాబుకు పోతే జల్లెడల ఆవిడ టీ తాగుతూ చెప్పింది. బస్సాయన శనివారం కొండ మీద పొగమంచులో దారి తప్పాడట. జారి పడి కాలి ఎముక విరిగి, తెల్లారేదాకా వానలో అక్కడే పడి ఉన్నాడట. వెతకడానికి పోయినవాళ్లు కుక్కలతో పోయి పట్టుకున్నారు. నలభై ఏళ్లుగా తెలిసిన కొండ మీద ఆయన ఎట్లా తప్పాడని నేను అడిగాను. ఆవిడ కప్పు కింద పెట్టింది. పొగమంచులో అందరూ నమ్మేది దారి చూపే రాళ్ల కుప్పలనే కదా, ఎవరో పని లేనివాళ్లు కొండ అంచు దగ్గర కొత్త కుప్ప ఒకటి పెట్టారు, అదే దారి మలుపు అనుకుని అటు తిరిగాడు అంది.

ఆ కుప్పలు దేనికో నాకు అప్పుడు తెలిసింది. ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది, నాకు వినిపించడం లేదు. నిజం చెప్పాలంటే ఆ రోజు నాకు ఆయన కాలి కన్నా నా వీసా గురించే ఎక్కువ దిగులు. పోలీసులు వస్తారేమో, చదువు మధ్యలో పంపించేస్తారేమో, ఆదోనిలో బస్సు దిగితే వీధివాళ్లకు ఏం చెప్పాలి అని ఆలోచించాను. సిగ్గుపడాల్సిన ఆలోచనే. కానీ వచ్చింది అదే.

అమ్మకు చెప్పకుండా ఉండలేకపోయాను. అమ్మ మొత్తం వింది. వెనక మిల్లు యంత్రాల చప్పుడు వినిపిస్తోంది. ఆయన ఒక్కడే ఉన్నాడా, పిల్లలున్నారా, కాలు అతుక్కుంటుందా అని అడిగింది. నాకు తెలిసినంత చెప్పాను. అది ఇంకా ఆడనే ఉండాదా అంది. ఎవరూ తీసినట్టు లేదు, ఉండే ఉంటుందన్నాను.

"పోయి తీసేయి పాపా. ఒకరి కాలు ఇరగ్గొట్టి లేసే ఇల్లు నాకెందుకు? తీసేసి, ఆ యన్న దగ్గరికి పోయి నేనే పెట్టినానని సెప్పు."

ఎవరి పేర్పునూ ముట్టుకోనివ్వని మనిషి ఆ మాట అనడం నేను వినలేక ఫోన్ పెట్టేశాను.

ఎవరికీ చెప్పకుండా బుధవారం క్లాసు ఎగ్గొట్టి ఒక్కదాన్నే పోయాను. ఒంటరిగా ఎక్కడం అదే మొదటిసారి. నా మిద్దె చెక్కు చెదరకుండా ఉంది. మూడు వారాల గాలికి, వానకు ఒక్క పలుకు కూడా జారలేదు. కళ్లు మూసుకుని తోసేశాను. తోశాక చూస్తే కుప్పగా పడ్డ రాళ్లు కూడా కుప్పే. పొగమంచులో అదీ దారి గుర్తులాగే ఉంటుంది. ఇంక ఒక్కో రాయినీ పొట్టకు ఆనించుకుని, ఒక్కోదాన్ని ఒక్కో దిక్కుకు మోసి, ముందు ఎట్లా ఉండేదో అట్లా నాచు వైపు పైకి తిప్పి పడుకోబెట్టాను. నా చిన్నప్పుడు వేసవిలో తుగ్గలి వైపు చేలల్లో రాళ్లు ఏరే కూలికి అమ్మ వెంట పోయేదాన్ని. ఆ పని చేతులకు గుర్తుంది. పలుకులు కూడా ఏరి జేబులో వేసుకున్నాను. ఏడుపు వచ్చింది. ఆయన కోసమా, అమ్మ ఇంటి కోసమా అంటే రెండూ అని ఇప్పుడు చెప్పగలను. అప్పుడు మాత్రం చలికి వచ్చిందనుకున్నాను.

దిగుతుండగా పొగమంచు పట్టింది. ఆదోనిలో ఎంత దుమ్ము లేచినా ఎదుటి గోడ కనిపిస్తుంది. అక్కడ నా చెయ్యే నాకు సరిగ్గా కనిపించలేదు. అడుగు తీసి అడుగు వేయడానికి భయమేసింది. నిలబడి చూస్తూ ఉంటే కొంచెం ముందు ఒక కుప్ప మసకగా కనిపించింది. దాని దగ్గరికి పోయి, చెయ్యి వేసి నిలబడి, తర్వాతి కుప్ప కోసం వెతికాను. అది కనిపించాక దాని దగ్గరికి. దాన్ని పెట్టినవాళ్లెవరో నాకు తెలియదు, నేనెవరో వాళ్లకు తెలియదు. అయినా ఇటు రా అంటే పోయాను. కుప్ప నుంచి కుప్పకు అట్లా రెండు గంటలు నడిచి రోడ్డు మీద పడ్డాను. ఆయన కూడా నా కుప్పను అట్లాగే నమ్మాడు.

తీసేశానని అమ్మకు చెప్పాను. ఆయనకు సెప్పినావా అంది. రేపు అన్నాను. ఆ రేపు రాలేదు. ఆయన ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక జల్లెడల ఆవిడతో కలిసి నారింజ పండ్లు పట్టుకుని పోయాను. కట్టు కట్టిన కాలు స్టూలు మీద పెట్టుకుని కూర్చున్నాడు. బాగా చిక్కిపోయాడు. ఇక బస్సు నడపగలనో లేదో అన్నాడు, నన్ను చూసి సంతోషించాడు, ఈ వారం గాలి ఉత్తరం నుంచి అని కూడా చెప్పాడు. నారింజ ఒలిచి ఆయన చేతిలో పెట్టి వచ్చేశాను. అమ్మ ప్రతి ఫోనుకూ అదే ప్రశ్న అడుగుతుంటే, వారం తర్వాత విసుగు నటిస్తూ సెప్పినాలేమ్మా అన్నాను. ఏమన్నాడు అంది. ఏమీ అనలేదు, మంచాయన అన్నాను. అమ్మతో నేను ఆడిన అబద్ధాల్లో అంత తేలిగ్గా వచ్చింది ఇంకోటి లేదు.

మరుసటి శనివారం ఒక్కదాన్నే పోయాను, ఈసారి ఎట్లాగైనా చెప్పాలని. అరగంట వాతావరణం గురించి మాట్లాడాం. ఇంతలో బల్ల మీద పెట్టిన నా ఫోన్ మోగింది, అమ్మ వీడియో కాల్. నేను అక్కడికి పోతున్నట్టు ఆమెకు పొద్దునే చెప్పాను. ఆపబోయాను. తెర మీద అమ్మ ఫోటో చూసి, మీ అమ్మ కదా, తియ్యి, నేనూ పలకరిస్తాను అని ఆయనే అన్నాడు.

తీశాను. అమ్మ అప్పటికి కొత్త బాడుగ ఇంట్లోకి మారింది. వెనక ఇంకా విప్పని మూటలు, గోడకు ఆనించిన బిందెలు కనిపిస్తున్నాయి. మిల్లు నుంచి వచ్చి మొహం కడుక్కుని, బొట్టు పెట్టుకుని, కొంగు భుజాల నిండా కప్పుకుని కూర్చుంది. ఇద్దరం కనబడేట్టు ఫోన్‌ను బల్ల మీద ఆనించి నిలబెట్టాను. ఆయన చెయ్యి ఊపాడు. అమ్మ రెండు చేతులూ జోడించింది.

"అన్నా, మా పాప మీద కోపం పెట్టుకోవద్దు. రాయి మీద రాయి పెట్టేది దానికి నేర్పించింది నేనే. నీ కాలు ఇరిగింది నా ఇంటి కోసరం. తప్పు నాది, మన్నించన్నా."

అమ్మ ఆ చేతులు దించలేదు. ఆయనకు ఒక్క ముక్క అర్థం కాలేదు గానీ, ఆ చేతులు చూసి ఇబ్బంది పడ్డాడు. మీ అమ్మ ఏమంటోంది అని నన్ను అడిగాడు.

త్వరగా కోలుకోవాలని దేవుణ్ణి మొక్కుకుంటోంది అనవచ్చు. ఆ వాక్యం ఇంగ్లీషులో అప్పటికే నా నాలుక మీద ఉంది. ఆ గదిలో, ఆ ఊరిలో, చుట్టుపక్కల ఎన్ని కొండలు దాటినా తెలుగు వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. అటు అమ్మ నేను ఎప్పుడో చెప్పేశాననే నమ్మకంతో, ఆయన క్షమిస్తాడో లేదో చూద్దామని నా మొహం వైపు చూస్తోంది. నా తప్పును తన మీద వేసుకుని, చేతులు జోడించుకుని కూర్చుంది. ఆ తప్పును ఆమె మీదే ఉంచి, దాన్ని కూడా ఈయనకు చేరకుండా మింగేయడం నావల్ల కాలేదు.

అమ్మ అన్నది అన్నట్టే చెప్పాను. చెప్పి, కానీ అది ఆమె తప్పు కాదు, ఆ కుప్ప పెట్టింది నేను, ఇన్ని రోజులూ మీ దగ్గర దాచింది కూడా నేనే అన్నాను. మా దగ్గర రాళ్లు ఎందుకు పేరుస్తారో చెప్పాను. తొమ్మిది ఎందుకు పెట్టానో చెప్పాను. తీసేశానని కూడా చెప్పాను. ఇంగ్లీషు తడబడింది, మధ్యలో రెండుసార్లు మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది.

ఆయన కిటికీ వైపు తిరిగాడు. మొహం ఎర్రబడింది. అరుస్తాడనుకున్నాను. అరిచి ఉంటే నాకు తేలికగా ఉండేది. చివరికి నా వైపు తిరిగాడు.

"నేను దాన్ని చేత్తో నెట్టి చూశాను. ఒక్క రాయి కూడా కదల్లేదు. పిల్లలు ఆడుకుంటూ పెట్టినదైతే పట్టించుకునేవాణ్ణి కాదు. ఇంత శ్రద్ధగా పెట్టారంటే దారి బాగా తెలిసినవాళ్లే అయి ఉంటారనుకున్నాను."

కోపం ఉందని, అది పోవడానికి కొంతకాలం పడుతుందని కూడా చెప్పాడు. తర్వాత ఫోన్ వైపు చూపించి, నేనన్నది మీ అమ్మకు చెప్పు అన్నాడు.

చెప్పాను. చేత్తో నెట్టి చూశాడట, ఒక్క రాయీ కదల్లేదట అన్నప్పుడు అమ్మ మొహం ఒక్క క్షణం వెలిగింది. అది నేను చూశాను. మిగతాది కూడా చెప్పాక ఆ వెలుగు పోయింది. జోడించిన చేతులు ఒళ్లోకి జారిపోయాయి. వెనక మూటల్లోంచి ఏదో గిన్నె దొర్లిన చప్పుడైనా తిరిగి చూడలేదు.

"రోంత వదులుగ పెట్టింటే ఆ యన్న ఇల్లు సేరుకునేటోడు కదా పాపా" అంది.

ఆయన నా మొహం చూస్తూ ఎదురుచూస్తున్నాడు. ఆ మాటను కూడా ఇంగ్లీషులో చెప్పాను.